ముఖం చూపించాల్సింది ఎక్కడ, ఎవరికి?

(పాఠకుల ప్రశ్నలకు దెగ్లూర్ వకీలమ్మ జవాబులు)

బోర్డు పరీక్షలు దగ్గరపడే కొద్దీ మహారాష్ట్రలోని నాందేడ్, చంద్రపూర్ జిల్లాల తెలుగువాళ్ల నుంచి బురఖా మీద ప్రశ్నలు ఎక్కువవుతున్నాయి. కాలేజీలు, కచేరీలు, ఆసుపత్రుల్లో ముఖం కప్పుకోవడాన్ని నిషేధించాలా వద్దా అన్న చర్చ టీవీల్లో తెగకుండా నడుస్తూనే ఉంది. అందుకే ఈసారి పేజీ అంతా దానికే ఇస్తున్నాను. జవాబులకు ముందు ఒక వివరం. బురఖా ఒళ్లంతా కప్పే పై దుస్తు. నిఖాబ్ కళ్లు తప్ప ముఖమంతా కప్పుతుంది. హిజాబ్ తలా మెడా కప్పే స్కార్ఫు, దాంట్లో ముఖం పూర్తిగా కనబడుతుంది. ఉత్తరాలు రాసినవాళ్లలో చాలామంది మూడింటినీ కలిపేస్తున్నారు. చట్టం దగ్గర అలా కలిపేస్తే కుదరదు.

ప్రశ్న: వకీలమ్మా, మా పుట్టిల్లు బోధన్. దెగ్లూర్‌కు కోడలుగా వచ్చాను. మా పెద్దపాప ఈసారి బారావీ (పన్నెండో తరగతి) పరీక్ష రాయాలి. నిఖాబ్ వేసుకుని కాలేజీకి పోతుంది. పరీక్ష సెంటర్లలో బురఖా బంద్ చేయాలని మంత్రిగారే అన్నారట. గేటు దగ్గర అందరి ముందూ తీయమంటే ఎట్లా? టెన్షన్‌తో పాప చదవలేకపోతోంది. వాళ్ల నాన్న అయితే పరీక్షే వద్దు పొమ్మంటున్నారు. – ఒక తల్లి, దెగ్లూర్

జవాబు: చెల్లీ, ముందు ఈ జవాబు మీ ఇంటాయనకు చదివి వినిపించండి. బోర్డు పరీక్షల సెంటర్లలో బురఖాను అనుమతించవద్దని 2025 జనవరిలో మంత్రి నితేశ్ రాణే, విద్యాశాఖ చూసే మంత్రి దాదా భుసేకు ఉత్తరం రాసిన మాట నిజమే. ఒక మంత్రి ఇంకో మంత్రికి రాసిన ఉత్తరం చట్టం అయిపోదు. దాన్ని పట్టుకుని మీ పాపను గేటు నుంచి వెనక్కి పంపే అధికారం ఎవరికీ లేదు.

అయితే హాల్ టికెట్ మీది ఫోటోతో పాప ముఖాన్ని పోల్చి చూస్తారు. చూసి తీరాలి. దానికి మీరూ పాపా మనసులో ముందే సిద్ధపడాలి. ఎవరు చూడాలి, ఎక్కడ చూడాలి అన్నది మాత్రం మీరు అడగవచ్చు. పరీక్షకు వారం ముందే ఇద్దరూ కలిసి వెళ్లి సెంటర్‌లో కేంద్ర సంచాలకులను, అంటే ఆ పరీక్ష కేంద్రం బాధ్యులను, కలవండి. మా పాప నిఖాబ్ వేసుకుంటుంది, మేడమ్ ఎవరైనా లోపల గదిలో చూసే ఏర్పాటు చేయండి అని కాగితం మీద రాసివ్వండి. పాపకు విడిగా కట్టుకునే నిఖాబ్ కొనివ్వండి, లోపల స్కార్ఫును పిన్నులతో గట్టిగా పెట్టించండి. నిఖాబ్ తీసినా తల కప్పే ఉంటుంది, పాపకు ఇబ్బందీ ఉండదు. ఆ రోజు అందరికంటే అరగంట ముందు వెళ్లండి.

మా ఊళ్లోనే ఒక సెంటర్‌లో నేను కళ్లారా చూసిన పద్ధతి చెబుతాను. సైకిల్ స్టాండ్ పక్కన స్టాఫ్ గది. కిటికీ ఊచకూ బీరువా పిడికీ తాడు కట్టి దాని మీద పాత దుప్పటి వేశారు. దుప్పటి వెనక స్టూలు మీద ఒక మరాఠీ మేడమ్ కూర్చున్నారు. అమ్మాయిలు ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు, నిఖాబ్ ఎత్తుతున్నారు. మేడమ్ హాల్ టికెట్ చూసి, స్కార్ఫు కొంచెం జరిపి చెవుల్లో ఇయర్‌ఫోన్ లాంటిదేమైనా ఉందేమో చూసి, భుజం తట్టి బాగా రాయమని పంపుతున్నారు. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టలేదు. ఏ అమ్మాయీ ఏడవలేదు, ఏ తండ్రీ గేటు దగ్గర గొంతు పెంచలేదు. పైసా ఖర్చు లేని పని ఇది.

కోర్టులు చెప్పిందీ ఇదే దారి. 2016లో కేరళ హైకోర్టు వైద్య ప్రవేశ పరీక్షకు స్కార్ఫుతో వెళ్లనిచ్చింది. ముందుగా వచ్చి ఆడ సిబ్బంది చేత తనిఖీ చేయించుకోవాలని షరతు పెట్టింది. ఇప్పుడు నీట్ రాసే పిల్లల్లో మత సంప్రదాయం ప్రకారం దుస్తులు వేసుకునేవాళ్లు తనిఖీ కోసం ముందే రావాలన్న నిబంధన ఉంది. పాపను నిశ్చింతగా చదువుకోనివ్వండి. పరీక్ష వద్దన్న మాట మీ ఇంట్లో ఇంకోసారి రాకూడదు.

ప్రశ్న: మేడమ్, నేను జూనియర్ కాలేజీలో పనిచేస్తాను, ఏటా పరీక్ష డ్యూటీ వేస్తారు. ఒకరి బదులు ఇంకొకరు ముఖం కప్పుకుని వచ్చి రాస్తే ఊడేది నా ఉద్యోగం. నేను ఏ మతానికీ వ్యతిరేకం కాదు. కానీ పూర్తిగా నిషేధిస్తే పీడా పోతుంది కదా? – ఒక ఉద్యోగి, ధర్మాబాద్

జవాబు: అన్నా, మీ భయం నాకు అర్థమైంది. డమ్మీ అభ్యర్థి దొరికితే పై అధికారులు ముందు పట్టుకునేది డ్యూటీలో ఉన్నవాణ్ణే. కానీ డమ్మీని పట్టించేది ముఖం చూడటం. గేటు దగ్గర ఒకసారి, హాల్లో సంతకం తీసుకునేటప్పుడు ఇంకోసారి చూస్తే మీ పని పూర్తయినట్టే. ఆ అమ్మాయి వీధిలో ఏం వేసుకుని వచ్చింది, పరీక్ష అయ్యాక ఏం వేసుకుని పోతుంది అన్నది మీకు అక్కర్లేదు.

తరగతి సంగతి కూడా చెప్పాలి. ముంబై చెంబూర్‌లో ఒక కాలేజీ హిజాబ్, బురఖా, నిఖాబ్, టోపీ, స్టోల్ అన్నీ నిషేధిస్తూ ఆదేశం ఇచ్చింది. 2024 జూన్‌లో బొంబాయి హైకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆగస్టు 9న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొంతమేరకు నిలిపేసింది. బొట్టు, తిలకం పెట్టుకొస్తే వాటినీ ఆపుతారా, పేర్లలో మతం తెలియదా అని కాలేజీని అడిగింది. అదే నోటితో తరగతి లోపల బురఖా కుదరదని కూడా చెప్పింది. ఇది మధ్యంతర ఉత్తర్వు, తుది తీర్పు కాదు. నా మటుకు నాకు ఆ గీత సబబుగానే ఉంది. పాఠం చెప్పే మనిషికి వింటున్న పిల్ల ముఖం కనబడాలి, అర్థమైందో లేదో తెలియాలి. స్కార్ఫు జోలికి మాత్రం పోకూడదు. స్కార్ఫు వల్ల పాఠానికి ఏ అడ్డూ లేదు, గుర్తుపట్టడానికీ అడ్డు లేదు.

ఎన్నికల డ్యూటీ కూడా మీరు చేసే ఉంటారు. ఓటరు ఎవరో తేల్చుకోవడానికి మన దగ్గర పాత పద్ధతి ఉంది. పరదా పాటించే ఆడవాళ్లు ఎక్కువున్న బూత్‌లో మహిళా సిబ్బందిని వేస్తారు, ఆమె చాటుగా ముఖం చూసి వేలికి సిరా పెడుతుంది. ఓటరు జాబితాలో తమ ఆడవాళ్ల ఫోటోలు వద్దని వేసిన కేసును 2006లోనే మద్రాసు హైకోర్టు కొట్టేసింది, అదీ సరైనదే. బూత్‌లో కూర్చునే పార్టీ ఏజెంటుకు అనుమానం వస్తే రెండు రూపాయలు కట్టి ఓటును ఛాలెంజ్ చేయవచ్చు, తేల్చేది ప్రిసైడింగ్ ఆఫీసర్. 2024 మే 13న హైదరాబాద్‌లో ఒక అభ్యర్థి తానే బూత్‌లోకి పోయి బురఖా వేసుకున్న ఆడవాళ్ల ముసుగు ఎత్తించి కార్డులు చూస్తే పోలీసులు కేసు పెట్టారు. ముఖం చూసే అధికారం ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఉంటుంది, దారినపోయే ప్రతివాళ్లకూ ఉండదు.

ప్రశ్న: అక్కా, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ లాంటి దేశాలే నిషేధించాయి. ముస్లిం దేశాల్లో కూడా నిషేధం ఉందంటారు. మనం ఎందుకు వెనకాడాలి? – ఒక యువకుడు, బల్లార్‌పూర్

జవాబు: తమ్ముడూ, ఒక్కో దేశం ఏం చేసిందో విడివిడిగా చూడు. ఫ్రాన్స్ 2010లో చట్టం చేసింది, 2011 ఏప్రిల్ 11 నుంచి అమలు. ముఖం కప్పుకుని బయట తిరిగితే 150 యూరోల దాకా జుర్మానా. కప్పుకోమని బలవంతం చేసినవాడికి ఏడాది జైలు, 30,000 యూరోల దాకా జుర్మానా. ఈ రెండో భాగం ఇక్కడ ఎవరూ ఎత్తరు. అప్పట్లో ఆ దేశం మొత్తం మీద నిఖాబ్ వేసుకునేవాళ్లు రెండు వేల లోపేనని వాళ్ల ప్రభుత్వమే లెక్క చెప్పింది. చట్టం మీద యూరప్ మానవ హక్కుల కోర్టు 2014 జులై 1న తీర్పిచ్చింది. భద్రత కోసం అందరికీ ఒకే నిషేధం పెట్టడం అవసరాన్ని మించిందనీ, గుర్తు తేల్చాల్సిన చోట ముఖం చూపించమంటే సరిపోతుందనీ అన్నది. చివరికి చట్టాన్ని నిలబెట్టింది కలిసి బతకడం అన్న కారణం మీద. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అదే చట్టం ఇద్దరు మహిళల హక్కులకు భంగం కలిగించిందని తేల్చింది. స్విట్జర్లాండ్‌లో 2021 మార్చి 7న జనాన్నే అడిగారు, 51.2 శాతం సరే అన్నారు. అమల్లోకి వచ్చింది 2025 జనవరి 1న. మన చర్చకు దగ్గరగా ఉన్నది నెదర్లాండ్స్ పద్ధతి. అక్కడ 2019 ఆగస్టు 1 నుంచి బడులు, ఆసుపత్రులు, సర్కారీ భవనాలు, బస్సులు, రైళ్లలో మాత్రమే నిషేధం, వీధిలో లేదు. దాని కోసం బస్సులు ఆపలేమని రవాణా సంస్థలు మొదట్లోనే చెప్పాయి.

ముస్లిం దేశాల సంగతీ నిజమే. ఈజిప్టు 2023లో బడుల్లో నిఖాబ్ వద్దన్నది, స్కార్ఫు ఇష్టానికి వదిలింది. మన దేశంలోనే కేరళలో ముస్లిం ఎడ్యుకేషనల్ సొసైటీ 2019లో తన కాలేజీల్లో ముఖం కప్పుకోవద్దని సర్క్యులర్ ఇచ్చింది. ముఖం కప్పుకోవడం మతంలో తప్పనిసరా కాదా అన్నది వాళ్లలోనే తెగని వాదన. దాన్ని నేనూ తేల్చను, నువ్వూ తేల్చలేవు. ముస్లింలు నడిపే సంస్థ తన పిల్లలకు తానే నియమం పెట్టుకోవడం ఒకటి. ఆ పిల్లలతో ఏ సంబంధమూ లేనివాళ్లు కాలేజీ గేటు ముందు గుంపుగా నిలబడి నినాదాలు చేయడం ఇంకొకటి.

నీ ఊరి ఎండల సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. మే నెలలో స్కూటీ మీద పోయే ఆడపిల్లల్లో ముఖానికి స్టోల్ చుట్టుకోనివాళ్లు ఎందరుంటారు? కళ్లకు నల్లద్దాలు కూడా పెడతారు. పేపర్ మిల్లు రోడ్డులో వాళ్లను ఆపి ఎవరివని అడిగినవాడు లేడు. 2020లో మాస్కు లేకపోతే మనందరికీ జుర్మానా వేశారు. ముఖం కనబడకపోవడమే భయమైతే ఆ భయం అందరి విషయంలోనూ ఒకేలా ఉండాలి.

ప్రశ్న: నేను టీచర్‌ను. ముఖం కప్పి తిప్పడం ఆడదాన్ని అణచడమే అని నా గట్టి నమ్మకం. చట్టం తెచ్చి అయినా సరే ఆ పిల్లలకు విడుదల ఇవ్వాలి. మీరు ఆడవాళ్లై ఉండి దీన్ని సమర్థిస్తారా? – ఒక ఉపాధ్యాయిని, రాజురా

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరంలోని కోపం నాకు ఇష్టమైంది. బలవంతంగా ముఖం కప్పించడాన్ని నేను ఎన్నడూ సమర్థించను. మా జడ్జి ముందు నిలబడ్డ ఆడవాళ్లలో బురఖా వల్ల ఊపిరాడలేదని చెప్పినవాళ్లున్నారు, ఘూంఘట్ తీయనివ్వని అత్తింటి మీద కేసు వేసినవాళ్లున్నారు. రెండు రకాల వాళ్ల తరఫునా నేను వాదించాను.

అయినా నిషేధం వద్దంటాను. ఎందుకో ఒక అమ్మాయి కథ చెబితే తెలుస్తుంది. మా కోర్టుకు వచ్చే ఒక కుటుంబంలో పిల్ల. తండ్రి పండ్ల బండి నడుపుతాడు. దసవీ (పదో తరగతి) కాగానే చదువు చాలన్నాడు. తల్లి, మేనత్త బతిమాలి, నిఖాబ్‌తో పోతే సరే అనిపించారు. ఆ అమ్మాయి ఫార్మసీలో డిప్లొమా చేసింది. కాలేజీ గేటు దాటగానే నిఖాబ్ మడిచి బ్యాగులో పెట్టుకునేది, సాయంత్రం బస్సెక్కే ముందు మళ్లీ కట్టుకునేది. ఈ రోజు మందుల షాపు కౌంటర్‌లో స్కార్ఫుతో, ముఖం తెరిచి కూర్చుని షుగర్ బిళ్లలు ఎప్పుడు మింగాలో ముసలివాళ్లకు మూడు భాషల్లో చెబుతోంది. తండ్రే రోజూ దింపి పోతున్నాడు. ఆ కాలేజీ గేటుకు మొదటి రోజే నిషేధం బోర్డు వేలాడి ఉంటే ఆమె బ్యాగు కొనేదే కాదు. నిఖాబ్ ఇంట్లోనే మిగిలేది, దాంతోపాటు ఆ పిల్ల కూడా.

మనకు ఆనుకునే ఉన్న కర్ణాటకలో ఏం జరిగిందో చూశాం. ఉడుపి కాలేజీలో మొదలై 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వ ఉత్తర్వు దాకా వెళ్లింది. అక్కడి గొడవ నిఖాబ్ మీద కూడా కాదు, స్కార్ఫు మీద. మార్చి 15న హైకోర్టు ఉత్తర్వును సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టు తీర్పు సరైనదన్నారు. జస్టిస్ సుధాంశు ధూలియా ఆడపిల్ల చదువే తన మనసులో ముందున్న సంగతి అని రాశారు, ఆమె బతుకును మనం బాగుచేస్తున్నామా అని అడిగారు. నేను ఆయన పక్షాన ఉన్నాను. పల్లెల్లో ఆడపిల్ల బడికి రావడానికి ఎన్ని అడ్డంకులు దాటాలో రోజూ చూసే మీకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇక బలవంతం చేసే ఇళ్ల సంగతి. దానికి చట్టం ఉంది. 2005 గృహహింస చట్టం మానసిక హింసను కూడా హింసగానే చూస్తుంది. చదువుకు పోనివ్వకపోవడం, ఉద్యోగం చేయనివ్వకపోవడం ఆ కిందకే వస్తాయి. మీ తరగతిలో ఏ పిల్ల అయినా నాకు ఇష్టం లేదు, ఇంట్లో కొడుతున్నారు అని చెబితే ఆ పిల్ల వైపు నిలబడండి, తాలూకా సంరక్షణ అధికారికి తెలియజేయండి, నాకు ఉత్తరం రాయండి. ఇష్టపడి కట్టుకునే పిల్లకూ, ఏడుస్తూ కట్టుకునే పిల్లకూ ఒకే శిక్ష వేసే చట్టం మాత్రం నాకు వద్దు. రెండో పిల్లకు అది రెండో దెబ్బ అవుతుంది.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. మా వాడకట్టులో ముస్లిం గర్భిణులు సర్కారీ దవాఖానకు రావడానికి జంకుతున్నారు. చీటీ రాసే కౌంటర్‌లో మగాయన ముసుగు తియ్యి అని అరుస్తాడట. – కిన్వట్

జవాబు: చీటీ రాయడానికి పేరు, ఊరు, వయసు చాలు, ముఖం ఎందుకు? ఆధార్‌తో పోల్చాల్సి వస్తే నర్సమ్మను పిలిచి చూపించమని చెప్పండి. వైద్య అధికారికి మీరే ఒక మాట చెబితే కౌంటర్ పక్కన నర్సమ్మను కూర్చోబెట్టడం పెద్ద పని కాదు. మొదటిసారి మీరే వెంట తీసుకెళ్లండి. మూడో నెలలో చేయాల్సిన రక్తపరీక్ష ఏడో నెల దాకా ఆగిపోతే దాని ఫలితం మీరు ఎరిగిందే.

ప్రశ్న: మా చెల్లి సర్టిఫికెట్ కోసం ఒక సర్కారీ కచేరీకి పోతే అక్కడి మనిషి నిఖాబ్ అంచు పట్టుకుని లాగాడు. అందరూ నవ్వారట. మా చెల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మేం ఏం చేయగలం? – ఒక అన్న, బిలోలి

జవాబు: బాబూ, చదువుతుంటే నాకు చేతులు వణికాయి. ఆడమనిషిని సోదా చేయాలంటే పోలీసులైనా ఆడ పోలీసు చేతే, మర్యాదగా చేయించాలి. కాగితాలు రాసే మనిషికి ఆమె ముసుగు మీద చెయ్యి వేసే హక్కు ఎక్కడిది? ఆడదాని గౌరవానికి భంగం కలిగేలా బలప్రయోగం చేయడం భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద నేరం. పాత 354 అదే.

మొదట చెల్లి చేత జరిగింది జరిగినట్టు రాయించండి. తేదీ, టైము, ఏ కిటికీ దగ్గర, అక్కడ ఇంకెవరున్నారు, ఆ మనిషి ఏమన్నాడు, అన్నీ ఉండాలి. ఉర్దూలో రాసినా తెలుగులో రాసినా పర్వాలేదు, మరాఠీలోకి నేను మార్చి ఇస్తాను. కచేరీలో కెమెరా ఉంటే ఆ రోజు రికార్డు దాచి ఉంచమని వెంటనే విడిగా దరఖాస్తు ఇవ్వండి, రోజులు గడిస్తే చెరిగిపోతుంది. ఫిర్యాదు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి. ఆ కచేరీ పై అధికారికి ఇచ్చే కాపీ మాత్రం చేతికిచ్చి వచ్చేయకండి. రెండు కాపీలు తీసుకెళ్లి, మీ దగ్గర ఉంచుకునే దాని మీద ఆవక్ ముద్ర (కాగితం అందినట్టు కచేరీ వేసే ముద్ర), తేదీ వేయించుకున్నాకే బయటికి రండి. సోమవారం నేను బిలోలి కోర్టులోనే ఉంటాను, చెల్లిని, మీ అమ్మను వెంటబెట్టుకుని రండి.